కోడలు పిల్లకి, పార్ట్‌టైమ్ పని గురించి

కోడలు పిల్లా,

సెప్టెంబర్‌లో ఎమ్మెస్సీకి ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. "ఫీజుకి లోన్ ఉంది, అద్దె, తిండి నేనే సంపాదించుకుంటా" అన్నావట. ఆ మాట పదిమందికీ చెప్పుకుని మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఇంట్లో తిన్న కంచం తీయవు, అక్కడ హోటల్లో అంట్లు తోముతావా?

ముందు లెక్క చూసుకో. స్టూడెంట్ వీసా మీద చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని. వారమంటే సోమవారం నుంచి ఆదివారం దాకా, ఈ వారం మిగిలిన గంటలు వచ్చే వారంలో కలవవు. 2025 ఏప్రిల్‌లో పెట్టిన కనీస వేతనం 21 ఏళ్లు నిండినవాళ్లకి గంటకి 12.21 పౌండ్లు. అంటే వారానికి 244. వేసవిలో క్లాసులు లేవని సంబరపడకు, డిసర్టేషన్, అంటే కోర్సు చివరి పెద్ద రిపోర్ట్, రాసే కాలం సెలవు కాదు, అప్పుడూ 20 గంటలే. పనిలో చేరితే అడిగే నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ ఉచితం, దానికి ఎవరికీ డబ్బివ్వకు. ఫుడ్ డెలివరీ యాప్‌లో తమ ఐడీ అద్దెకిస్తామనే వాళ్ల ఛాయలకి పోకు, స్టూడెంట్ వీసా మీద ఆ పనే కుదరదు. యూనివర్సిటీలోనే లైబ్రరీలోనో కేఫ్‌లోనో దొరుకుతుందేమో ముందు అడుగు.

నా అసలు భయం ఇవేవీ కాదు. 2010లో ఈస్ట్ హామ్‌లో నా గదిలో ఒక ఒంగోలు అబ్బాయి ఉండేవాడు. వీసాకి బ్యాంకులో చూపించిన డబ్బు వడ్డీకి తెచ్చింది. వీసా రాగానే తిరిగిచ్చేసి, నెల ఖర్చులతో లండన్‌లో దిగాడు. అది అయిపోగానే ఒక రెస్టారెంట్ వంటింట్లో చేరాడు. ఓనరు మనవాడే, తెలుగులోనే "తమ్ముడూ" అనేవాడు. పేస్లిప్ లేదు, గంటల లెక్క లేదు, చేతికి క్యాష్. అప్పట్లో కనీస వేతనం 5.80 పౌండ్లు, వీడికిచ్చింది మూడు. అదీ "వచ్చే శుక్రవారం" అంటూ రెండు నెలలు ఆపేశాడు. గట్టిగా అడిగితే, "పోయి కంప్లైంట్ ఇచ్చుకో, ముందు పోయేది నీ వీసానే" అన్నాడు. నిజమే, వాడు వారానికి నలభై గంటలు దాటి చేస్తున్నాడు, ఎవరికి చెప్పుకుంటాడు? ఆ రాత్రి గదికొచ్చి వాళ్లమ్మకి ఫోన్ చేసి "ఇవాళ చికెన్ వండుకున్నాం" అన్నాడు. గదిలో ఉన్నది చారూ అన్నం. అందరం తలొంచుకుని తిన్నాం.

ఆ డబ్బు రానేలేదు. వాడేమీ అమాయకుడు కాదు, మా అందర్లోకీ చురుకైనవాడు. మొదటి వారమే ఆ పని వద్దనడానికి చేతిలో పైసా లేదు, అంతే.

అందుకే అడుగుతున్నా, వీసా కోసం 28 రోజులు బ్యాంకులో ఉంచే డబ్బు మీ నాన్న ఎక్కణ్ణుంచి తెస్తున్నారు? మొహమాటపడకుండా కనుక్కో. కన్సల్టెన్సీ వాళ్లు సర్దుతామంటే ఒప్పుకోనివ్వకు.

నీ ఖాతాలో మూడు నెలల అద్దెకి సరిపడా వేస్తున్నాను బంగారం. వద్దంటావని తెలుసు, అప్పని రాసుకో, వడ్డీ లేదు. బట్టలకీ ఫోన్లకీ ముట్టుకోకు, పేస్లిప్ ఇవ్వనన్న చోట పని మానెయ్యడానికే అది. మీ అమ్మకి చెప్పకు, పిల్లని చెడగొడుతున్నానని నన్ను తిడుతుంది.

మీ మామయ్య