ఊరి చరిత్ర మ్యూజియంలో క్వియర్ కళాకారుల పని: లేబుల్ దగ్గరే అసలు సంగతి

అడిగింది ఇది: అమెరికాలో ఒక చిన్న కౌంటీ చరిత్ర మ్యూజియం వాళ్ళు జూన్‌లో వచ్చే ప్రైడ్ నెలకి మీ చీరల ఇన్‌స్టలేషన్ (గదిలో అమర్చే కళారూపం) పెడతామన్నారు. మీరు తెలుగువారు, క్వియర్ (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ వంటివారందరికీ కలిపి వాడే మాట). ఒప్పుకునే ముందు ఏమేం చూసుకోవాలి?

ఆర్ట్ గ్యాలరీకి వచ్చినవాళ్ళు మీ పనిని మీ ఊహగా చూస్తారు. ఊరి చరిత్ర మ్యూజియంలో అలా జరగదు. పక్క గదిలో పాత నాగలినీ యుద్ధంలో పోయినవాళ్ళ ఫొటోలనీ చూసిన కళ్ళతోనే మీ చీరనీ చూస్తారు. అది వాళ్ళకి "వీళ్ళు ఇలా ఉంటారన్నమాట" అనే సాక్ష్యం అయిపోతుంది. కాబట్టి లేబుల్ మీద ఏం రాయాలో మీ చేతిలో ఉండాలి. చివరి ప్రూఫ్ మీరు సరేనన్నాకే అచ్చుకి వెళ్ళాలని ఒప్పందంలో రాయించండి. నోటిమాటగా ఒప్పుకున్నది ప్రారంభానికి రెండు రోజుల ముందు, హడావిడిలో, ఎవరికీ గుర్తుండదు.

లేబుల్‌కి ఎంత బలముందో తెలియాలంటే ఫ్రెడ్ విల్సన్ 1992లో బాల్టిమోర్‌లోని మేరీలాండ్ హిస్టారికల్ సొసైటీలో చేసిన 'మైనింగ్ ది మ్యూజియం' గురించి చదవండి. అది క్వియర్ అంశం మీద చేసింది కాదు. ఆ నల్లజాతి కళాకారుడు సంస్థ సొంత సేకరణలోని వస్తువులనే తీసి, నగిషీ చెక్కిన వెండి పాత్రల మధ్య బానిసల ఇనుప సంకెళ్ళు పెట్టారు. లేబుల్ మీద 'లోహపు పని, 1793–1880' అని తప్ప ఇంకేం లేదు. ఆ పొడి మాటల పక్కన సంకెళ్ళే కథ చెప్పాయి. మీరూ స్టోర్‌రూమ్ చూడనివ్వమని అడగండి. వాళ్ళ సేకరణలోంచి ఒక్క వస్తువు మీ పని పక్కన పెట్టనిచ్చినా, మీరు అతిథిగా కాక ఆ ఊరి చరిత్రలో భాగంగా కనిపిస్తారు. జూన్ ఒక్క నెలకే ఒప్పుకోవద్దు. అప్పటికి బడులకి సెలవులు ఇచ్చేస్తారు, పిల్లల బృందాలు రావు. సెప్టెంబరు దాకా ఉంచమనండి.

ఇచ్చేది అరువా, దానమా అన్నది మొదటి రోజే తేల్చుకోండి. దానపత్రం మీద సంతకం పెడితే వస్తువు వాళ్ళదైపోతుంది. కాపీరైట్ మాత్రం విడిగా రాసిస్తే తప్ప మీ దగ్గరే ఉంటుంది. లండన్‌లో అజాము, టోఫర్ క్యాంప్‌బెల్ అనే కళాకారులు 2005లో మొదలుపెట్టిన 'రుకస్!' ఆర్కైవ్ నల్లజాతి క్వియర్ జీవితాల కాగితాలనీ ఫొటోలనీ కూడబెట్టింది. 2008లో వాటితో మ్యూజియం ఇన్ డాక్‌లాండ్స్‌లో ప్రదర్శన పెట్టింది. సేకరణ తమ చేతిలో ఉండబట్టే తమ కథ తామే చెప్పుకోగలిగారు. అమెరికాలోని దక్షిణాసియా డిజిటల్ ఆర్కైవ్ 'సాదా' పద్ధతి ఇంకోలా ఉంటుంది. స్కాన్ వాళ్ళు ఉంచుకుంటారు, అసలు కాగితం ఇంటివాళ్ళ దగ్గరే ఉంటుంది. కుటుంబ ఫొటోలకి నన్నడిగితే ఇదే మేలు.

ప్రదర్శన అయిపోయాక మిగిలేది కేటలాగ్ రికార్డు, అంటే మ్యూజియం తన జాబితాలో మీ పని గురించి రాసుకునే వివరం. అందులో మీ పేరు ఏది, ఏ మాటల కింద చేరుస్తారు, వెబ్‌సైట్‌లో కనిపిస్తుందా అన్నవి అడగండి. ఉదాహరణకి, హిజ్రా అనేది తన గురువులూ ఘరానాలూ (గురు పరంపర కుటుంబాలు) ఉన్న సమూహం. ప్రతి ట్రాన్స్ మనిషినీ ఆ మాట కింద రాసేస్తే తప్పు. క్వియర్ పదాల కోసం హోమోసారస్ అనే పదపట్టిక ఉంది, అందులోంచి మాట ఎంచి మీరే ఇవ్వండి. ఫొటోల్లో వేరేవాళ్ళుంటే మరీ జాగ్రత్త. మ్యూజియం గోడ దగ్గరికి గుంటూరు నుంచి మేనమామ రాడు, కానీ వెబ్‌సైట్ బొమ్మ వాట్సాప్‌లో సాయంత్రానికి చేరిపోతుంది. గోడకి, వెబ్‌సైట్‌కి, పత్రికలకి మూడు వేర్వేరు అనుమతులు తీసుకోండి. వెనక్కి తీసుకునే దారి కూడా రాసుకోండి. ఫొటోగ్రాఫర్ సునీల్ గుప్తా 1980లలో ఢిల్లీలో తీసిన 'ఎక్సైల్స్' ఫొటోల్లో చాలామంది ముఖాలు కనపడవు. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన సెక్షన్ 377 ఉన్న రోజుల్లో ఆ భద్రతే బొమ్మ కూర్పుని నిర్ణయించింది.

డబ్బు అడగడానికి మొహమాటపడొద్దు. కెనడాలో 1988 జూన్ 7 తర్వాత చేసిన పనికి ప్రదర్శన ఫీజు అడిగే హక్కు చట్టంలోనే ఉంది. అమెరికాలో అలాంటిది లేదు. అక్కడ డబ్ల్యూ.ఎ.జి.ఇ. అనే సంస్థ, మ్యూజియం ఏటి ఖర్చుని బట్టి కనీస ఫీజుల పట్టిక పెట్టింది. దాన్ని చూపించి మాట్లాడండి. రవాణా, బీమా ఫీజులోంచి కోయకూడదు. బీమా మీ ఇంటి గోడ నుంచి తిరిగి మీ ఇంటి గోడ దాకా ఉండాలి.

ఇక చీరల సంగతి. బట్టకి వెలుతురు 50 లక్స్ దాటనివ్వకండి. వెలుతురుకి పోయిన రంగు మళ్ళీ రాదు కాబట్టి కిటికీ ఉన్న గది వద్దనండి. గుండుసూదులు తుప్పుమరక వేస్తాయి. వెడల్పాటి నూలు పట్టీకి వెల్‌క్రో కుట్టి, ఆ పట్టీని చీర పైఅంచుకి చేత్తో కుట్టి వేలాడదీయాలి. మ్యూజియం పురుగుల భయంతో బట్టని ముందుగా గడ్డకట్టించమనొచ్చు. గాలి చొరబడని పాలిథీన్ సంచిలో మైనస్ 20 డిగ్రీల్లో వారం పాటు ఉంచాలి. బయటికి తీశాక 24 గంటలు ఆగి విప్పాలి. తొందరపడితే చెమ్మ పట్టి జరీ నల్లబడుతుంది. బియ్యప్పిండి ముగ్గు, పసుపు, బెల్లం, పూలు చాలాచోట్ల ఒప్పుకోరు, పురుగు చేరుతుంది. ముగ్గు కావాలంటే పలక మీద రంగుతో వేయండి. పసుపుకొమ్ములతో అద్దిన రంగు వెలుతురుకి త్వరగా వెలిసిపోతుంది, దాన్ని నమ్ముకోవద్దు.

తెలుగులో లేబుల్ పెట్టించండి. ఇంగ్లీషుది 70 మాటల్లో ఉంటే తెలుగుది ఇంకా కుదించండి, వత్తులకి వరుసల మధ్య ఎక్కువ ఖాళీ కావాలి. డిజైనర్ ఇన్‌డిజైన్ అనే పేజీ అమరిక సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఆన్ చేయకపోతే 'స్త్రీ' మూడు ముక్కలై పడుతుంది, వాళ్ళకది తప్పని తెలియదు కూడా. మీరే టైప్ చేసి, అక్షరాలని అవుట్‌లైన్‌గా, అంటే గీతల బొమ్మగా మార్చిన పీడీఎఫ్ పంపండి. అచ్చయిన లేబుల్ ఫొటో తెప్పించుకుని అక్షరం అక్షరం చదవండి.

సామాను ఇచ్చేరోజు ప్రతి చీరకీ కండిషన్ రిపోర్టు (అది ఏ స్థితిలో ఉందో చెప్పే కాగితం) రాయించి, చిరుగులూ మరకలూ ఫొటోలు తీసి ఇద్దరూ సంతకం పెట్టండి. వెనక్కి వచ్చిన పెట్టె కూడా అక్కడికక్కడే, వాళ్ళ మనిషి ముందే విప్పండి.