వాడికేమీ కాలేదేంటి?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్లో తెలుగువాళ్ళం నెలకో పాత సినిమా వేసుకుని చూస్తుంటాం. మొన్న చాప్లిన్ మూకీ ‘ఎ వుమన్ ఆఫ్ పారిస్’ అంటే పిల్లల్ని కూడా కూర్చోబెట్టాం. తీరా చూస్తే చాప్లిన్ లేడు, కామెడీ లేదు, పియర్ అని డబ్బున్న ఆడపిచ్చివాడి గొడవ! పోనీ చివరికి వాడికి శిక్షా లేదు. నాగభూషణం గారి ‘రక్తకన్నీరు’ నాటకం చూసిన మా అత్తగారు ‘వాడికేమీ కాలేదేంటే’ అని రెండ్రోజులు గొణిగారు. ఇదేం కథండీ?
– ఒక పాఠకురాలు, వడపళని, చెన్నై

జవాబు: చాప్లిన్ ఉన్నాడమ్మా, మీరు రెప్ప వేసి ఉంటారు. స్టేషన్లో పెట్టె మోసుకొచ్చే కూలీ ఆయనే, కొన్ని సెకన్లు. 1923లో విడుదల చేసినప్పుడే ‘ఇందులో నేను నటించలేదు’ అని సినిమా మొదట్లోనే తెరమీద రాతకార్డు వేసుకున్నాడు, అయినా జనం మీలాగే ఆయన కోసం వెళ్ళి నీరసంగా తిరిగొచ్చారు.

ఇక పియర్. అడాల్ఫ్ మెంజూ వేసిన ఆ వేషం కోసమే నేను ఆ సినిమా మళ్ళీ మళ్ళీ చూస్తాను. హీరోయిన్ మేరీ ఇంటికొచ్చి ఆమె డ్రాయర్ తనే తీసి రుమాలు తీసుకుంటాడు చూడండి, వాళ్ళిద్దరి సంబంధం ఏంటో చెప్పడానికి అక్కడ ఒక్క కార్డు కూడా అక్కర్లేకపోయింది. ఆమె నాకో ఇల్లు కావాలి, పిల్లలు కావాలి అని ఏడుస్తుంటే వీడు తాపీగా శాక్సఫోన్ ఊదుకుంటాడు, ఆమె ఒళ్ళు మండి ముత్యాల హారం కిటికీలోంచి విసిరేసి, దారినపోయేవాడెవడో అది ఏరుకోగానే పరుగున వెళ్ళి లాక్కొస్తుంది, వీడు పగలబడి నవ్వుతాడు. నాకైతే నవ్వూ వచ్చింది, వాణ్ణి ఒకటి పీకాలనీ అనిపించింది.

‘రక్తకన్నీరు’లో హీరోకి కుష్టు వస్తుంది. జబ్బుని పాపానికి శిక్షగా చూపించడం నాకెప్పుడూ నచ్చలేదు, అది వేరే సంగతి. ఇక్కడ మాత్రం మేరీని ప్రేమించిన కుర్రాడు జాన్ తుపాకితో కాల్చుకుని చచ్చిపోతాడు, మేరీ అతని తల్లితో పల్లెకెళ్ళి అనాథ పిల్లల్ని పెంచుతుంది. చివర్లో పియర్ కారులో పోతుంటే పక్కనున్నవాడు ‘మేరీ ఏమైంది?’ అంటాడు, వీడు తెలీదంటాడు, సరిగ్గా అప్పుడే ఆమె ఎక్కిన గడ్డిబండి ఎదురొచ్చి దాటిపోతుంది. వాడు చూడనే చూడడు! వాడికేమీ కాకపోవడమే నన్ను పట్టి కుదిపింది.

అయినా అత్తగారికి తృప్తి లేకపోతే వచ్చే నెల అదే కథతో ఎం.ఆర్. రాధా నటించిన 1954 తమిళ సినిమా ‘రక్తకన్నీర్’ వెయ్యండి. ఈసారి పిల్లల్ని మాత్రం కూర్చోబెట్టకండి.