రుద్రమ నవల చదవబోయే మనవరాలికి

చిట్టితల్లీ,

మీ అమ్మ ఫోన్‌లో అంతా చెప్పింది. సెలవుల్లో చారిత్రక నవల ఒకటి చదివి ప్రాజెక్టు రాసుకు రమ్మన్నారట, నీకు రుద్రమదేవి కథ వచ్చిందట, రెండో అధ్యాయం దాటకుండానే "పేర్లన్నీ ఒకేలా ఉన్నాయి" అని పక్కన పడేశావట. రుద్రదేవుడు, మహాదేవుడు, గణపతిదేవుడు, ప్రతాపరుద్రుడు... నిజమే, తికమకే. ఇన్నేళ్లు సోషల్ పాఠాలు చెప్పిన నేను కూడా మొదట్లో వంశవృక్షం ఎదురుగా పెట్టుకునే చదివేదాన్ని.

ముందు దాన్ని మామూలు కథలాగే చదివెయ్. నోట్‌బుక్కు జోలికి పోకు. తెలియని మాట వస్తే దాటెయ్. మొదటి రోజు నుంచే అర్థాలు రాసుకుంటూ కూర్చున్న పిల్లలు యాభయ్యో పేజీ దగ్గర చతికిలబడటం చాలాసార్లు చూశాను. ఒక్కటి మాత్రం చెయ్యి. ఒక కాగితం మీద గణపతిదేవుడు, ఆయన కూతురు రుద్రమ, ఆమె కూతురు ముమ్మడమ్మ, ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు అని నాలుగు తరాలూ గీసి పుస్తకంలో పెట్టుకో. సగం గోల తగ్గుతుంది.

అసలు చదువు రెండోసారి మొదలవుతుంది. అప్పుడు పెన్సిల్ తీసుకో. ముఖ్యమైన సన్నివేశం వచ్చినప్పుడల్లా ఒకటే అడుగు: ఈ సంగతి రచయితకు ఎలా తెలిసింది? శాసనంలో ఉందా, ఆనాటివాళ్లు ఎవరైనా రాసిపెట్టారా, లేక ఊహించి రాశారా? ఊహించడం తప్పేం కాదు, అది లేకపోతే నవలే లేదు. ఆ ఊహ ఎక్కడ మొదలైందో పట్టుకోవాలి నువ్వు.

ఈ ప్రశ్న నాకు ఒక పిల్లవాడు నేర్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పట్టాభిషేకం రోజు తండ్రి రుద్రమతో అన్న మాటలంటూ ఒక నవలలో చదివినవి క్లాసులో భలే రక్తి కట్టించి చెప్పాను. వెనక బెంచీలోంచి ఒకడు లేచి "టీచర్, ఆ మాటలు ఎవరు విన్నారు?" అన్నాడు. కూర్చోమని కసిరాను. నిజానికి నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు రుద్రమ మరణమే తీసుకో. ఆమె 1295 దాకా పాలించిందని ఒకప్పుడు పుస్తకాల్లో ఉండేది. తర్వాత నల్గొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం బయటపడింది. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారనీ, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే బంటు దేవుడికి భూమి ఇచ్చాడనీ అందులో ఉంది. సంవత్సరం 1289. రాతి మీద శక సంవత్సరం ఉంటుంది, దానికి 78 కలిపితే మన లెక్క వస్తుంది. 1211కి కలిపి చూడు. అంటే శాసనం దొరకకముందు రాసిన నవలలో ఆమె ఇంకో ఆరేళ్లు బతికి ఉంటే అది రచయిత తప్పు కాదు. అందుకే నీ పుస్తకం మొదట ఏ సంవత్సరంలో అచ్చయిందో చూసుకో. ఇంకో సంగతి. ఆమె తన మీద తిరగబడిన సామంతుడు అంబదేవుడితో జరిగిన యుద్ధంలో చనిపోయిందని చరిత్రకారులు అనుకుంటున్నారు, కానీ ఆ రాయి మీద యుద్ధం మాటే లేదు. నీ నవలలో కత్తి దెబ్బలు, ఆఖరి మాటలు ఉంటే అక్కడ మార్జిన్‌లో గీత పెట్టు.

ఆ కాలంవాళ్లు రాశారంటే అదంతా నిజమేననీ అనుకోకు. మార్కో పోలో ఆమె న్యాయంగా పాలించిందని మెచ్చుకున్నాడు, ఇక్కడి బట్టలు సాలెగూడంత సన్నగా ఉంటాయన్నాడు. అదే మనిషి ఆమెను రాజుగారి భార్య అనీ, భర్త పోయాక నలభై ఏళ్లు ఏలిందనీ రాశాడు! ఆమె రాజుగారి కూతురు. ఏలింది 1262 నుంచి, లెక్క వేసుకో.

మ్యాప్ దగ్గర పెట్టుకో. రాజధాని ఓరుగల్లు, ఓడరేవు మోటుపల్లి. తుపానులో ఓడ దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తే ఆ సరుకు రాజులు లాగేసుకునే రోజుల్లో, మేం అలా చెయ్యం, సుంకం మాత్రమే తీసుకుంటాం అని గణపతిదేవుడు 1244లో అభయ శాసనం వేయించింది అక్కడే. ఈ రెండు ఊళ్ల మధ్య గీత గీసినట్టు కొలిచినా 250 కిలోమీటర్లు దాటుతుంది, మధ్యలో కృష్ణ దాటాలి. నవలలో వేగు ఒక్క గుర్రం మీద తెల్లారేసరికి చేరిపోతే ఆ గుర్రానికి నా నమస్కారం చెప్పు.

చిన్న చిన్న పొరపాట్లు వెతకడం మహా సరదా. మిరపకాయ మన దేశానికి పోర్చుగీసువాళ్లతో వచ్చింది, కాకతీయుల తర్వాత చాలాకాలానికి. అప్పటి వంటింట్లో కారం అంటే మిరియాలే. "ఐదు నిమిషాల్లో వస్తాను" అని ఏ సైనికుడైనా అంటే నవ్వుకో. వాళ్లు ఘడియల్లో లెక్కపెట్టేవారు, ఘడియంటే 24 నిమిషాలు. నగలు, తలకట్టు ఎలా ఉండేవో తెలియాలంటే 1213 నాటి రామప్ప గుడి శిల్పాల ఫొటోలు చూడు. సినిమాలు చూసి మాత్రం నిర్ణయించుకోకు.

ప్రాజెక్టులో కథాసారాంశం అరపేజీ మించనివ్వకు, అది అందరూ రాసేదే. ఒక్క సన్నివేశం తీసుకుని ఏది దొరికిన ఆధారం, ఏది రచయిత అల్లిక అని విడదీసి రెండు పేజీలు రాయి. ఆ అల్లిక నీకు నచ్చిందో లేదో కూడా రాయి, మార్కుల టెన్షన్ పెట్టుకోకు. ఒకచోట ఊహ ఆధారం కన్నా నమ్మేలా అనిపిస్తే అదీ దాచకు. నాకిప్పటికీ అలా అనిపించే పేజీలు కొన్ని ఉన్నాయి.

వచ్చేటప్పుడు పుస్తకం తెచ్చుకో. మార్జిన్‌లో గీతలు చెరపకుండా తే. ఆ చిన్న అచ్చు నా కళ్లద్దాలకు ఆనదు, చివరి అధ్యాయం నువ్వే చదివి వినిపించాలి.

మీ అమ్మమ్మ