పాఠకుల ప్రశ్నలు: గుండ్రటి తోటలు, ఇరుగుపొరుగు

ప్రశ్న: మా కాలనీ లేఔట్‌లో ఇంచుమించు చతురస్రంగా 600 గజాల ఖాళీ స్థలం ఉంది. 24 కుటుంబాల వాళ్లం కలిసి అందులో కూరగాయలు పండించుకోవాలనుకుంటున్నాం. డెన్మార్క్‌లోని గుండ్రటి తోటల ఫొటో చూసి పిల్లలు అలాగే వేద్దామంటున్నారు. పెద్దవాళ్లు వరుస మళ్లు చాలంటున్నారు. గుండ్రంగా వేస్తే ఇరుగుపొరుగు నిజంగా దగ్గరవుతారా? – ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: మీ పిల్లలు చూసినది బహుశా కోపెన్‌హాగెన్ శివారులోని బ్రొండ్‌బీ తోటల ఫొటో అయి ఉంటుంది. ఎరిక్ మ్యూగింద్ 1964లో రూపొందించిన ఆ తోటల్లో ఒక్కో వలయం నడుమ ఉమ్మడి జాగా ఉంటుంది. దాని చుట్టూ లోపల ఇరుకుగా, బయటికి పోయేకొద్దీ వెడల్పుగా స్థలాలు విచ్చుకుంటాయి. ఎవరు వచ్చినా నడుమ జాగాకే వచ్చి, అక్కడి నుంచే తమ స్థలంలోకి వెళ్తారు కాబట్టి పలకరింపులు తప్పవు. అయితే అక్కడ ఏడాది పొడవునా కాపురం ఉండడానికి అనుమతి లేదు. వేసవి నెలల్లో తీరిక చేసుకుని వచ్చినవాళ్లు కబుర్లు చెప్పుకోవడంలో ఆకారం వాటా ఎంతో, తీరిక వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

ఆ దేశంలోనే నేరుమ్ అనే చోట సి. టి. సోరెన్‌సెన్ 1948లో రూపొందించిన కోడిగుడ్డు ఆకారపు తోటలు దీనికి పూర్తిగా భిన్నమైనవి. సుమారు 25 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉండే ఒక్కో తోట చుట్టూ దాని దడి దానికే ఉంటుంది; తోటల మధ్య మిగిలిన పచ్చిక మాత్రం అందరిదీ. బ్రొండ్‌బీలో ఉమ్మడి జాగా వలయం లోపల ఉంటే నేరుమ్‌లో అది వలయాల బయట ఉంది. రెండు చోట్లా ఎవరి తోటకు వాళ్లు వెళ్లాలన్నా అందరిదైన నేల మీద నడవక తప్పదు. మనుషులను కలిపేది గీత వంపు కన్నా ఈ నడకేనని నా అభిప్రాయం. మన ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్లు కూడా గుండ్రంగానే ఉంటాయి గాని, ఆ ఆకారం గాలివానను తట్టుకోవడానికి వచ్చింది. ఊరివాళ్లు కూడేది ఆ రోజుల్లోనూ రచ్చబండ దగ్గరే.

ఇక మీ 600 గజాల సంగతి. చతురస్రంలో పట్టే అతి పెద్ద వలయానికి 471 గజాలు పోతాయి, నాలుగు మూలల్లో కలిపి 129 గజాలు మిగులుతాయి. మూలల్లో మునగ, కరివేపాకు చెట్లు, ఎరువు గొయ్యి, పనిముట్ల గది పెట్టుకోగలిగితే అది వృథా కాదు. వలయం నడుమ 12 అడుగుల వ్యాసార్ధంతో ఖాళీ వదిలి, 36 అడుగుల వరకు 24 భాగాలు చేస్తే, ఒక్కో మడి లోపలి అంచు మూడడుగులు, బయటి అంచు తొమ్మిదడుగులకు కాస్త పైన, విస్తీర్ణం దాదాపు 150 చదరపు అడుగులు వస్తుంది. నడకదారులకు ఇందులోంచే కొంత తీసివేయాలి. మూడడుగుల మొన దగ్గర కూర్చుని కలుపు తీయాలంటే మోకాలు పక్కవారి మొక్క మీదికే పోతుంది. అందుచేత ఆ మొనలన్నిటినీ కలిపి కొత్తిమీర, పుదీనా, తోటకూర పెంచే ఒకే ఉమ్మడి పట్టీగా ఉంచండి. ఆనప, పొట్ల పందిళ్లు వెడల్పు ఉన్న బయటి అంచునే వేయాలని ముందే ఒప్పుకోండి. పందిరి నీడ బరబాటి మడి మీద పడిందంటే మాటలు ఆగిపోవడానికి ఒక్క పంటకాలం చాలు.

కుళాయి మాత్రం తప్పకుండా నడుమనే ఉండాలి. 40 అడుగుల పైపు ఒక్కటి ఉంటే అక్కడి నుంచి ప్రతి మడికీ నీళ్లు అందుతాయి, పైపు కోసం ఒకరి వంతు ముగిసేదాకా మరొకరు ఆగుతారు, ఆ ఆగడంలోనే సగం పరిచయాలు కుదురుతాయి. పక్కన నీడ, రెండు బల్లలు ఉంటే మడి లేని ముసలివాళ్లూ వస్తారు. ఎత్తైన కొబ్బరి చెట్లను ఆ బల్లల దగ్గర నాటవద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరిని ఏం చేసిందో మీ జిల్లా వారికి నేను చెప్పనక్కర్లేదు. మళ్ల మధ్య దడి నడుము ఎత్తు దాటకూడదు.

పెద్దల మాటా కొట్టివేయదగినది కాదు. వరుస మళ్లు వేసినా కుళాయి, దారి, బల్లలు నడుమ ఉంచితే ఫలితంలో పెద్ద తేడా రాదు, కొలతల తగాదాలు మాత్రం తగ్గుతాయి. ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు మునిసిపాలిటీ లేదా పంచాయతీ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. లేఔట్‌లో కనీసం 10 శాతం ఖాళీ స్థలాన్ని దానపత్రం ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలన్నది నిబంధన కాబట్టి, ఆ నేల కాలనీ సంఘం సొత్తు కాదు.

ప్రశ్న: ఉమ్మడి తోట చుట్టూ వలయంగా వేసిన లేఔట్‌లో స్థలం చూశాం. ముందు ఇరుకు, వెనుక వెడల్పు. వాస్తుకు పనికిరాదని బంధువులు అంటున్నారు. కొనవచ్చా? – ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: వాస్తు మాట పట్టుకున్నా, ముందు ఇరుకై వెనుక విశాలమైన స్థలాన్ని గోముఖమని నివాసానికి మంచిదిగానే చెబుతారు, తూర్పు, పడమర గోడలు సూటిగా రావడం లేదన్నది మీ వాళ్ల అసలు అభ్యంతరం కావచ్చు. నేనైతే తోట వైపు ఆరడుగుల ప్రహరీ కట్టడానికి వీలుందా అని చూస్తాను, ఎందుకంటే అందరూ గోడలు లేపాక నడుమ తోట ఎవరి కంటికీ ఆనదు, ఏడాది తిరక్కుండా చెత్త పోసే చోటవుతుంది. అమ్మేవారు చూపే రంగుల బొమ్మను పక్కన పెట్టి ఆమోదం పొందిన ప్లాను నకలు అడగండి. నడుమ స్థలాన్ని అందులో పార్కుగానో ఖాళీ స్థలంగానో చూపకుండా విడి ప్లాటుగా నంబరు వేసి ఉంటే, రేపు అక్కడ దుకాణాల సముదాయం లేచినా మీరు అడ్డు చెప్పలేరు.