ఎల్‌టీఓ-6 టేప్ నుంచి రీస్టోర్ సెకనుకు 9 ఎంబీ దాటడం లేదు, డ్రైవ్ మార్చాలా?

అన్నా, మహబూబ్‌నగర్‌లో మీ సర్వర్‌కు టేప్ నుంచి 1 టీబీ ఫైల్ సిస్టమ్ ఎక్కిస్తుంటే 9 ఎంబీ స్పీడే వస్తోందన్నారు. డ్రైవ్ జోలికి ఇప్పుడే పోకండి.

రెండేళ్ల కింద నల్గొండలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో నాకూ ఇదే ఎదురైంది. డిస్కులు పోయాయి, రిపోర్టులన్నిటికీ టేపే దిక్కు. దేవరకొండ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పెద్దాయన పాత ఎక్స్‌రే కోసం కౌంటర్ దగ్గర కూర్చున్నాడు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ముందు ఆయన ఫోల్డర్ ఒక్కటే తీసి ఇచ్చాను. మీరూ అర్జెంటువి ముందు తీసుకోండి.

ఎల్‌టీఓ-6 కంప్రెషన్ లేకుండానే సెకనుకు 160 ఎంబీ చదువుతుంది, అంటే 1 టీబీకి గంటా ముప్పావు. ఆ రోజు డ్రైవ్ దగ్గర చెవి పెట్టి విన్నాను. కాసేపు తిరుగుతుంది, టక్కున ఆగుతుంది, సర్రున వెనక్కి చుట్టుకుని మళ్లీ మొదలు. దీన్నే షూషైనింగ్ అంటారు. డిస్కు వైపు డేటా అంత వేగంగా దిగకపోతే డ్రైవ్‌లోని తాత్కాలిక మెమరీ (బఫర్) నిండిపోయి టేప్ ఆగుతుంది. ఆగిన చోటు దొరకబట్టడానికి వెనక్కి పోవాల్సిందే.

అందుకే ఫైళ్లుగా విప్పకుండా, డీడీ కమాండ్‌తో టేప్‌ను నేరుగా డెవ్ నల్‌లోకి (వచ్చిన డేటాను ఎక్కడా రాయకుండా పారేసే చోటు) చదివి చూడండి. బ్లాక్ సైజు బ్యాకప్ తీసినప్పటిదే ఇవ్వాలి. అక్కడా స్పీడ్ రాకపోతే క్లీనింగ్ కార్ట్రిడ్జ్ వేయండి, వేరే టేప్‌తో చూడండి. నాకైతే 150 దాటింది. అంటే తప్పు డిస్కుల వైపే ఉంది.

మావన్నీ లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు. ఒక్కో ఫైలు సృష్టించాలి, డైరెక్టరీలో రాయాలి, పర్మిషన్లు పెట్టాలి. పైగా రెయిడ్-5లో (ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా కొన్ని డిస్కులను కలిపే పద్ధతి) ఒక చిన్న రాతకు రెండుసార్లు చదివి రెండుసార్లు రాయాలి. మామూలుగా కంట్రోలర్ క్యాష్ ఈ భారం మోస్తుంది. మాది క్యాష్ బ్యాటరీ చచ్చిపోయి రైట్‌త్రూలోకి (రాతలను క్యాష్‌లో ఆపకుండా నేరుగా డిస్కుకే పంపే పద్ధతి) వెళ్లింది, లాగ్‌లో ఆ హెచ్చరిక ఎప్పటినుంచో ఉంది. హైదరాబాద్ నుంచి బ్యాటరీ తెప్పించి మార్చాక తెల్లారేసరికి మొత్తం దిగింది.

మీ 9 ఎంబీ చూస్తే మాత్రం ఇంకో అనుమానం. టేప్ ఒక సర్వర్‌కు, డిస్కులు వేరే సర్వర్‌కు ఉన్నాయా? ఉంటే మధ్యలో నెట్‌వర్క్ లింక్ 100 ఎంబీపీఎస్‌కు (సెకనుకు 100 మెగాబిట్లు) పడిపోయి ఉండొచ్చు, ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి అందులో సెకనుకు 12 ఎంబీకి మించి పోదు. కేబుల్‌లో ఒక జత వైరు తెగినా గిగాబిట్ కాస్తా అక్కడికి దిగొచ్చు. ఈథ్‌టూల్ కమాండ్‌తో లింక్ స్పీడ్ చూసి, 100 అని చూపిస్తే ముందు ఆ కేబుల్ మార్చండి.