చర్మపు జిడ్డులో జబ్బు జాడ

ప్రశ్న: రక్తం తీయకుండా, చర్మంపై ఉండే జిడ్డును పరీక్షించి పార్కిన్సన్స్ వ్యాధిని గుర్తించవచ్చని విన్నాను. నిజమేనా?

జవాబు: పరిశోధన స్థాయిలో నిజమే. స్కాట్లాండ్‌కు చెందిన విశ్రాంత నర్సు జాయ్ మిల్న్, తన భర్తకు ఈ వ్యాధి నిర్ధారణ కావడానికి ఎన్నో ఏళ్ల ముందే ఆయన ఒంటి వాసన మారిందని పసిగట్టారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం పరీక్షలో, రోగులూ ఆరోగ్యవంతులూ తొడుక్కున్న టీషర్టుల వాసన చూసి ఎవరు రోగులో చెప్పడంలో ఆమె ఒక్క పొరపాటే చేశారు: ఆరోగ్యవంతుల జట్టులోని ఒకరిని రోగి అన్నారు. ఆ వ్యక్తికీ కొన్ని నెలల తర్వాత అదే వ్యాధి బయటపడింది కనుక, నిజానికి అదీ పొరపాటు కాదు. ఆ వాసనకు మూలం చర్మంలోని తైలగ్రంథులు స్రవించే సీబమ్ అనే జిడ్డు. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో పెర్డిటా బారన్ బృందం వీపు పైభాగాన్ని తుడిచి తీసిన నమూనాలను మాస్ స్పెక్ట్రోమెట్రీతో (అణువుల బరువును బట్టి రసాయనాలను గుర్తించే పద్ధతితో) విశ్లేషించి, రోగుల సీబమ్‌లోని రసాయనాల తేడాలను 2019లో ప్రచురించింది. ఇది ఇంకా వైద్యుని నిర్ధారణకు ప్రత్యామ్నాయం కాదు. వణుకు, కదలికల్లో మందకొడితనం ఉంటే న్యూరాలజిస్టునే సంప్రదించండి.