పునరుక్తమా, అనవసరమా?

సందేహం: జాంగోలో (పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే సాధనం) రాసిన ఒక సబ్‌క్లాసులో, అంటే పేరెంట్ క్లాసు నుంచి పనులను వారసత్వంగా పొందే క్లాసులో, సేవ్ మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేసి (మళ్లీ రాసి), లోపల సూపర్‌ను, అంటే పేరెంట్‌లోని అదే మెథడ్‌ను, పిలిచి ఊరుకున్నారు. అది తీసేసి, కమిట్ మెసేజ్‌లో (చేసిన మార్పు గురించి రాసే చిన్న వివరణలో) ‘పునరుక్త కోడ్ తొలగించబడినది’ అని రాశాను. ‘అనవసరమైన కోడ్’ అంటే చాలదా అని మిత్రులు అంటున్నారు. ఏది సరి?

సమాధానం: మీ మిత్రుల మాట తప్పు కాదు గాని, బిగువు లేదు. ఎవరూ పిలవని మెథడ్ అనవసరం. మీరు తీసేసింది అలాంటిది కాదు. సబ్‌క్లాసులో సేవ్ లేకపోతే పైథాన్ పేరెంట్ క్లాసుకు వెళ్లి వెతుక్కుంటుంది. అక్కడ చెప్పిందే ఇక్కడ మళ్లీ చెప్పారు, కాబట్టి పునరుక్తం.

ఈ దోషాన్ని మన తార్కికులు ఎంత పట్టించుకున్నారో చూడండి. వాదంలో ఓటమి తెచ్చిపెట్టే నిగ్రహస్థానాలు 22 అయితే, న్యాయసూత్రాల కర్త గౌతముడు అందులో దీన్నీ చేర్చాడు. ‘శబ్దార్థయోః పునర్వచనం పునరుక్తమ్ అన్యత్రానువాదాత్’ అని న్యాయసూత్రం. మాటనైనా అర్థాన్నైనా మళ్లీ చెప్పడం పునరుక్తం, అనువాదం తప్ప. ఇవాళ అనువాదమంటే భాష మార్చడమే అనుకుంటున్నాం. సూత్రకారుడికి అది ప్రయోజనం ఉండి మళ్లీ చెప్పడం. ‘త్వరగా త్వరగా వెళ్లు’ అన్నప్పుడు రెండో ‘త్వరగా’ దండగ కాదు, తొందరను పెంచుతుంది. మన ‘మొట్టమొదట’, ‘నట్టనడుమ’ ఆ కోవలోవే. ‘మళ్లీ పునఃప్రారంభించండి’ అని ప్రకటనల్లో రాసేవారికి మాత్రం ఈ మినహాయింపు దక్కదు!

అందుకే కత్తెర పట్టేముందు ఒక్క క్షణం ఆగండి. జాంగో ప్రతి మోడల్‌కూ (డేటాబేస్ పట్టికకు ప్రతినిధిగా ఉండే క్లాసు) విడిగా ఒక డజ్‌నాట్‌ఎగ్జిస్ట్ ఎక్సెప్షన్, అంటే వెతికిన రికార్డు లేదని తెలిపే దోష సంకేతం, ఇస్తుంది. అన్నీ ఆబ్జెక్ట్‌డజ్‌నాట్‌ఎగ్జిస్ట్‌కు సబ్‌క్లాసులే, కొత్త పని చేసేది ఒక్కటీ లేదు. అయినా ఏ మోడల్‌లో రికార్డు దొరకలేదో విడిగా పట్టుకోవాలంటే ఆ పేరు ఉండి తీరాలి. ఇది గౌతముడు చెప్పిన అనువాదం కిందికి వస్తుందని నా అభిప్రాయం. తార్కికులు ఒప్పుకుంటారో లేదో!

ఇక ‘అదనపు కోడ్’ అనకండి, కొత్తగా చేర్చారేమో అనుకుంటారు. ‘పునరుక్త కోడ్’ అనే అతుకుల సమాసం కన్నా ‘పునరుక్తమైన కోడ్’ నయం. అది మీ బృందానికి మరీ బరువనిపిస్తే ‘అనవసరమైన’ అన్నా నేను అడ్డుపడను. కాని ఆ ‘తొలగించబడినది’ ఎందుకండీ? తీసేసింది మీరే కదా, ‘తొలగించాను’ అనండి.